తిరుపతి నుంచి హైడెల్‌బర్గ్ సదస్సుకు: వీసా మొదలు బిల్లుల దాకా

తిరుపతిలో చదువుల సంస్థలకు కొదవ లేదు. ఎస్వీయూ, పద్మావతి మహిళా వర్సిటీ, సంస్కృత వర్సిటీ, స్విమ్స్, యేర్పేడు వైపు ఐఐటీ, ఐసర్. వీటినుంచి జర్మనీ సదస్సులకు పోయేవాళ్లకు తరచూ తగిలే ఊరు హైడెల్‌బర్గ్. 1386లో పెట్టిన విశ్వవిద్యాలయం ఉంది. జర్మన్ కేన్సర్ పరిశోధన కేంద్రం, ఐరోపా మాలిక్యులర్ బయాలజీ ప్రయోగశాల ఉన్నాయి. సంస్కృతం, చరిత్ర వాళ్లను పిలిచే దక్షిణాసియా అధ్యయన సంస్థ కూడా 1962 నుంచి అక్కడే ఉంది. ఊరు చిన్నదే, లక్షన్నర పైచిలుకు జనం.

మన బస్టాండులో దారి తెలియకపోతే పక్కనున్న మనిషిని అడుగుతాం, ఆయన బస్సు దాకా వచ్చి ఎక్కించి పోతాడు. జర్మనీలో సాయం చేయరని కాదు గానీ, అక్కడి పద్ధతి వేరు. నియమం ఎక్కడో రాసి ఉంటుంది, మీరు చదివే వచ్చారని అనుకుంటారు. టికెట్ ముద్ర వేసుకోమని ఎవరూ చెప్పరు, వేసుకోకపోతే జరిమానా మాత్రం రాస్తారు. అందుకే ఈ ప్రయాణంలో పనంతా బయల్దేరక ముందే ఉంటుంది.

వీసా

మీకు కావాల్సింది 90 రోజుల లోపు ఉండే షెంగెన్ వీసా (ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా), ఉద్దేశం దగ్గర సదస్సు లేదా బిజినెస్. తిరుపతివాళ్లకు దగ్గరి కేంద్రం చెన్నైలో, వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ సంస్థది. వేలిముద్రలు ఇవ్వాలి కాబట్టి మనిషి స్వయంగా పోవాలి. గత 59 నెలల్లో షెంగెన్ వీసా కోసం వేలిముద్రలు ఇచ్చి ఉంటే మామూలుగా మళ్లీ అడగరు. ఫీజు 90 యూరోలకు సమానమైన రూపాయలు, వీఎఫ్ఎస్ సేవా రుసుము దానికి అదనం. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, 15 రోజుల లోపైతే తీసుకోరు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, అదనపు పరిశీలన పడితే 45 రోజుల దాకా పోతుంది. ఏప్రిల్ నుంచి జులై దాకా అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం. అందుకే అబ్‌స్ట్రాక్ట్ ఆమోదం మెయిల్ వచ్చిన వారమే స్లాటు వెతకడం మొదలుపెట్టండి.

ఎక్కువమందికి చిక్కు వచ్చేది పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విడిగా ఉంటుంది, సదస్సు రిజిస్ట్రేషన్‌లో మాత్రం అలవాటు కొద్దీ ఇనిషియల్ పెట్టి రాస్తారు. ఆహ్వాన పత్రం అదే పేరుతో వస్తుంది, టికెట్ ఇంకో వరసలో ఉంటుంది. అధికారికి ఇవి ముగ్గురు మనుషుల పేర్లు. రిజిస్ట్రేషన్ మొదటి రోజే పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు దించండి. బ్యాడ్జీ మీద పేరు ఎలా ఉండాలన్నది తర్వాత మార్చుకోవచ్చు.

పాస్‌పోర్టు గత పదేళ్లలో జారీ అయినదై ఉండాలి. తిరుగు ప్రయాణం తర్వాత కనీసం 3 నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేది, దిగే రోజు నుంచి తిరిగి బయల్దేరే రోజు దాకా ఖాళీ లేకుండా. ఆహ్వాన పత్రం, మీ సంస్థ నుంచి సెలవు మంజూరు, అభ్యంతరం లేదనే పత్రం, 3 నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, హోటల్ బుకింగ్, విమానం రిజర్వేషన్ జతచేయాలి. ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో ఒక్క వాక్యంలో స్పష్టంగా ఉండాలి: రిజిస్ట్రేషన్ ఫీజు నిర్వాహకులదా, టికెట్ మీ సంస్థదా, రోజువారీ ఖర్చు మీదా. వారం ముందు ఎవరిదగ్గరో తెచ్చి ఖాతాలో రెండు లక్షలు వేయడం మేలుకన్నా కీడే చేస్తుంది, అది ఎక్కడిదని అడుగుతారు.

దరఖాస్తులో రాయాల్సింది షెంగెన్‌లో అడుగుపెట్టే తేదీ, తిరుపతి వదిలే తేదీ కాదు. వీసా చేతికొచ్చాక స్టిక్కర్ మీద మూడు అంకెలు చూసుకోండి: ఎప్పటినుంచి, ఎప్పటిదాకా, ఎన్ని రోజులు. గడువు నెల ఉన్నా ఉండే రోజులు 8 అని ఉంటే 8 రోజులే. దిగిన రోజు, ఎక్కిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి.

కేంద్ర ప్రభుత్వ నిధులతో పోతుంటే టికెట్ ఎక్కడ పడితే అక్కడ కొనకండి. 2022 జూన్ ఉత్తర్వు ప్రకారం బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ ఈ మూడింటిలోనే కొనాలి. వేరేచోట రెండు వేలు తక్కువకు దొరికిందని కొంటే తిరిగొచ్చాక బిల్లు వెనక్కి వస్తుంది.

పోస్టరు, సామాను

పోస్టరు సైజు మెయిల్‌లో ఉంటుంది. ఐరోపాలో ఎక్కువగా అడిగేది ఎ0, నిలువు: వెడల్పు 841 మిల్లీమీటర్లు, ఎత్తు 1189. అడ్డంగా చేసి పట్టుకుపోతే బోర్డు మీద పట్టదు, పక్కవాళ్ల పోస్టరు మీదికి పోతుంది. ఊళ్లో ఫ్లెక్సీ షాపుల్లో చౌకగా వేస్తారు గానీ, ఫ్లెక్సీ బరువు, మడిస్తే తెల్లగీతలు పడతాయి, గుండుపిన్ను దిగదు. గుడ్డ మీద ప్రింటు అడగండి. చొక్కాతోపాటు మడిచి పెట్టెలో పెట్టుకోవచ్చు, హోటల్లో ఇస్త్రీ పెట్టె తిరగేసిన వైపు తిప్పితే చాలు. కాగితమే అయితే మీటరు పొడవు గొట్టం అవుతుంది. చేతి సామానుకు లుఫ్తాన్సా కొలత 55, 40, 23 సెంటీమీటర్లు. గొట్టాన్ని రానిస్తారో లేదో గేటు దగ్గరి మనిషి ఇష్టం.

ఇక కానుకలు. ఎర్రచందనం బొమ్మ, పూసలదండ, చెక్కముక్క ఏదీ పెట్టెలో పెట్టకండి. శేషాచలం చెట్టు కనక మనకు ఇంటి వస్తువులా అనిపిస్తుంది గానీ, అంతర్జాతీయ ఒప్పందంలో అది రక్షిత జాతి. అనుమతి పత్రాలు లేకుండా చెన్నైలో పట్టుకున్నా ఫ్రాంక్‌ఫర్ట్‌లో పట్టుకున్నా కేసే. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ తీసుకుపోండి. బరువుండదు, పగలదు, ఆతిథ్యమిచ్చిన ప్రొఫెసరు గోడకు తగిలించుకుంటాడు.

తినేవాటిలో మాంసం, పాల ఉత్పత్తులు ఐరోపా బయటినుంచి తేకూడదు. నెయ్యి సీసా, పాలకోవా, పనీర్ ఇంట్లోనే పెట్టి వెళ్లండి. మజ్జిగ మిరపకాయల సంగతి అధికారికి వివరించడం మీ వల్ల కాదు, అవీ వద్దు. మామిడిపండ్లు, కరివేపాకు, పచ్చి కూరగాయలు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా కుదరవు. మిఠాయిలు, బిస్కెట్లకు ఆ నియమంలో సడలింపు ఉంది. అయినా నెయ్యి కారుతున్న లడ్డును చూసి కస్టమ్స్ అధికారి ఏమంటాడో ముందే చెప్పలేం. పోతే బాధపడని లెక్కలో ఒకటి రెండు పెట్టుకోండి. ఆవకాయ, పులిహోర పేస్టు, కందిపొడి, అటుకులు, ఉప్మా మిక్స్ ఇబ్బంది పెట్టవు. నూనె తేలే పచ్చళ్లు చేతి సామానులో రానివ్వరు కాబట్టి రెండు కవర్లు చుట్టి పెద్ద పెట్టెలో వేయాలి.

కరెంటు మనదానిలాగే 230 వోల్టులు. రెండు కాళ్ల గుండ్రటి ఫోన్ చార్జర్ నేరుగా పడుతుంది. లాప్‌టాప్ మూడు కాళ్ల ప్లగ్గు పట్టదు, అడాప్టర్ ఇక్కడే కొనండి. హోటల్ గదిలో రైస్ కుక్కర్ ఆలోచన మానుకోండి. పొగ పసిగట్టే యంత్రం మోగితే అగ్నిమాపక బండి వస్తుంది, దాని ఖర్చు గదిలో ఉన్నవాళ్ల మీద పడుతుంది. వేడినీళ్ల కెటిల్ ఉందో లేదో ముందే మెయిల్లో అడగండి, చాలా గదుల్లో ఉండదు. చెంబూ ఉండదు. చిన్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి పెట్టెలో పడేసుకుంటే పరమసుఖం.

బట్టలు కాలాన్ని బట్టి. జర్మనీలో వెచ్చటి ఊళ్లలో హైడెల్‌బర్గ్ ఒకటంటారు, ఆ మాట నమ్మి స్వెటర్ వదిలేయొద్దు. జనవరిలో సున్నా దగ్గర ఆడుతుంది. ఒకే మందపాటి కోటు కన్నా పలచటివి మూడు పొరలు మేలు, ఎందుకంటే లోపల హాల్లో హీటర్ వేసి ఉంటుంది. జులైలో ఎండ 35 డిగ్రీలు ముట్టే రోజులు ఉంటాయి, చాలా హోటళ్లలో ఏసీ కాదు కదా ఫ్యానే ఉండదు. తిరుపతివాళ్లకు ఎండ కొత్తా అనుకోకండి, గాలి ఆడని గదిలో రాత్రి తెలుస్తుంది.

చెన్నై దాకా

చెన్నై నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా నేరుగా పోతుంది, అర్ధరాత్రి దాటాక బయల్దేరుతుంది. ఇక్కడే తేదీ తప్పుతుంది. టికెట్ మీద 12వ తేదీ 1 గంట 50 నిమిషాలు అని ఉంటే మీరు తిరుపతి వదలాల్సింది 11వ తేదీ మధ్యాహ్నం. 12 రాత్రికి విమానాశ్రయం చేరితే విమానం పోయి దాదాపు రోజు అయి ఉంటుంది.

రోడ్డు మీద దాదాపు 140 కిలోమీటర్లు, కారుకు మూడున్నర నాలుగు గంటలు. సాయంత్రం సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై సెంట్రల్ చేరి, అక్కడినుంచి మెట్రో నీలం లైనులో విమానాశ్రయానికి పోవచ్చు. కానీ రైలు ఆలస్యమైతే మెట్రో మూసే వేళ దాటుతుంది, పెద్ద పెట్టెలుంటే మధ్యాహ్నం బస్సు మంచిది. బ్రహ్మోత్సవాల రోజుల్లో, శని ఆదివారాల్లో తిరుగు బస్సులు భక్తులతో నిండి ఉంటాయి, ముందే రిజర్వు చేసుకోండి.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక

ఇమిగ్రేషన్ దగ్గర అడిగేవి నాలుగే: ఎందుకొచ్చారు, ఎన్నాళ్లు, ఎక్కడ ఉంటారు, తిరుగు టికెట్ ఉందా. ఆహ్వాన పత్రం, హోటల్ బుకింగ్, బీమా, తిరుగు టికెట్ కాగితాలు చేతి సంచిలో ఉండాలి. పెద్ద పెట్టెలో పెట్టినవాళ్లు అక్కడ నిలబడి ఫోన్‌లో వెతుక్కుంటుంటారు. 2025 అక్టోబరులో మొదలైన కొత్త రాకపోకల నమోదు వల్ల అక్కడ ఫొటో కూడా తీస్తారు, వరుస నెమ్మదిగా కదులుతుంది. ఆ సమయం కూడా లెక్క వేసుకుని తర్వాతి రైలు చూసుకోవాలి.

విమానాశ్రయంలో రైలు స్టేషన్లు రెండు. ఒకటో టెర్మినల్ కింద ఉండేది రెగియోనాల్‌బాన్‌హోఫ్, ప్లాట్‌ఫారాలు 1 నుంచి 3, లోకల్ రైళ్లకు. కాస్త నడిస్తే వచ్చేది ఫెర్న్‌బాన్‌హోఫ్, ప్లాట్‌ఫారాలు 4 నుంచి 7, దూరపు రైళ్లకు. మీకు కావాల్సింది రెండోది. మొదటిదాంట్లో దిగి కనపడ్డ ఎస్-బాన్ ఎక్కితే ఫ్రాంక్‌ఫర్ట్ ఊళ్లోకి తీసుకుపోతుంది. అక్కడినుంచీ హైడెల్‌బర్గ్ చేరొచ్చు గానీ ఆ పెట్టెలతో అంత తిరుగుడు అనవసరం.

మామూలు దారి ఇది: ఫెర్న్‌బాన్‌హోఫ్‌లో ఐసీఈ అనే వేగపు రైలు ఎక్కి దాదాపు అరగంటలో మాన్‌హైమ్, అక్కడ దిగి ఎస్-బాన్‌లో కాని ప్రాంతీయ రైల్లో కాని పావుగంట, ఇరవై నిమిషాల్లో హైడెల్‌బర్గ్. బండి మారే సమయం కలుపుకుంటే గంట, గంటంబావు. మాన్‌హైమ్‌లో రైలు ఆగేది కొద్ది నిమిషాలే. ముందే పెట్టె తీసుకుని తలుపు దగ్గర నిలబడండి. తలుపు దానంతట అది తెరుచుకోదు, బటన్ నొక్కాలి.

టికెట్ జర్మన్ రైల్వే సంస్థ డాయిచె బాన్ వారి డీబీ నావిగేటర్ యాప్‌లో కొనండి. ఆ యాప్‌లోనే ప్లాట్‌ఫారం మార్పు, ఆలస్యం తెలుస్తాయి. ధరలు రెండు రకాలు. స్పార్‌ప్రైస్ చౌక, కానీ ఆ ఒక్క రైలుకే కట్టుబడి ఉండాలి. ఫ్లెక్స్‌ప్రైస్ ఖరీదు, ఆ రోజు ఏ రైలైనా ఎక్కొచ్చు. దిగే రోజుకు స్పార్‌ప్రైస్ కొనకండి. విమానం ఆలస్యమైందంటే రైలువాళ్లకు సంబంధం లేదు, టికెట్ పోయినట్టే. తిరుగు ప్రయాణానికి స్పార్‌ప్రైస్ బాగుంటుంది. విమానం వేళకు కనీసం నాలుగు గంటల ముందు విమానాశ్రయం చేరే రైలు చూసుకోండి, జర్మన్ రైళ్లు గడియారంలా నడుస్తాయన్నది పాత మాట. రైలే ఆలస్యమై మీరు గమ్యం 20 నిమిషాలు లేదా ఆపైన ఆలస్యంగా చేరేలా ఉంటే స్పార్‌ప్రైస్ కట్టుబాటు పోతుంది, వేరే రైలు ఎక్కొచ్చు. 60 నిమిషాలు దాటితే చార్జీలో 25 శాతం, 120 దాటితే 50 శాతం వెనక్కి ఇస్తారు, అడిగితేనే.

మన రైల్లో టికెట్ కన్ఫర్మ్ అంటే బెర్త్ ఉన్నట్టు. అక్కడ టికెట్ వేరు, సీటు రిజర్వేషన్ వేరు. రిజర్వేషన్ లేకపోతే సీటు పైన చిన్న తెరలో ఊళ్ల పేర్లు లేని చోట కూర్చోండి. ‘ఫ్రాంక్‌ఫర్ట్ – స్టుట్‌గార్ట్’ లాంటిది వెలుగుతుంటే ఆ మధ్యలో అది ఎవరిదో. అరగంట ప్రయాణానికి రిజర్వేషన్‌కు డబ్బు పెట్టనక్కరలేదు. ప్లాట్‌ఫారం మీద ఎ, బి, సి అని వేలాడే అక్షరాల ప్రకారం మీ బోగీ ఎక్కడ ఆగుతుందో బోర్డు చూపిస్తుంది. ఒక్కోసారి రెండు రైళ్లు కలిసి వచ్చి దారిలో విడిపోతాయి. ఎక్కేటప్పుడు బోగీ పక్కన ఉన్న గమ్యం పేరు చదివే ఎక్కాలి.

ఊళ్లో తిరగడం

హైడెల్‌బర్గ్ పెద్ద స్టేషన్ పాతబస్తీలో లేదు, రెండున్నర కిలోమీటర్ల దూరంలో ఉంది. ఊరి నడిమి కూడలి బిస్మార్క్‌ప్లాట్స్, ట్రాములు బస్సులు అన్నీ అక్కడ కలుస్తాయి. పాతబస్తీ తూర్పు కొసకు ఎస్-బాన్‌లో హైడెల్‌బర్గ్ ఆల్ట్‌స్టాట్ స్టేషన్‌లో దిగొచ్చు. 2024లో తెరిచిన కాంగ్రెస్ సెంటర్ పెద్ద స్టేషన్‌కు దగ్గర్లోనే, బాన్‌స్టాట్ పేటలో ఉంది. మీ సదస్సు అక్కడైతే హోటల్ స్టేషన్ చుట్టూ చూసుకుంటే నడకే.

సదస్సు విశ్వవిద్యాలయం సైన్సు ప్రాంగణంలో అయితే చిరునామా ‘ఇమ్ నాయెన్‌హైమర్ ఫెల్ట్’ అని ఉండి పక్కన ఒక అంకె ఉంటుంది. వీధి పేరు ప్రాంగణం మొత్తానికీ ఒకటే, అంకె భవనానిది. కేన్సర్ కేంద్రం 280. అంకె లేకుండా వీధి పేరు మ్యాప్‌లో కొడితే ఎక్కడో ఆసుపత్రి గేటు ముందు నిలబడతారు, మీ హాలు పదిహేను నిమిషాల నడక అవతల ఉంటుంది. అంకెలు వరుసగానూ ఉండవు. మాలిక్యులర్ బయాలజీ ప్రయోగశాల ఊళ్లో కాదు, కొండమీద అడవిలో ఉంది. రాత్రి బస్సులు పలచన, నిర్వాహకులు బస్సు పెడితే ఆ వేళలు రాసిపెట్టుకోండి.

ట్రాములో ఎక్కడానికి గేటు లేదు, కండక్టరు లేడు. అందుకే కొందరు ఉచితమేమో అనుకుంటారు. మామూలు బట్టల్లో తనిఖీవాళ్లు ఎక్కుతారు, టికెట్ లేకపోతే 60 యూరోలు. కాగితం టికెట్ కొంటే దానిమీద తేదీ, వేళ అచ్చయ్యాయా చూడండి. లేకపోతే స్టాపులోనో ట్రాములోనో ఉన్న చిన్న పెట్టెలో దాని అంచు దూర్చి ముద్ర కొట్టించాలి. ముద్ర లేని టికెట్ అంటే టికెట్ లేనట్టే. కొత్తవాళ్లమంటే వినరు. నాలుగైదు రోజులకు రోజు టికెట్లు లెక్క వేయండి. కొన్ని సదస్సుల్లో బ్యాడ్జీయే ట్రాము టికెట్, రిజిస్ట్రేషన్ మెయిల్ మళ్లీ చదవండి. డాయిచ్‌లాండ్ టికెట్ 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు, దేశమంతా లోకల్, ప్రాంతీయ రైళ్లు, ట్రాములు, బస్సుల్లో చెల్లుతుంది, ఐసీఈలో చెల్లదు. అది చందా. నెల 10వ తేదీ లోపు రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా లాగుతుంది. కొనే ముందు ఆ షరతు చూసుకోండి.

కాలిబాట పక్కన వేరే రంగులో ఉండే పట్టీ సైకిళ్లది. దానిమీద నిలబడి సెల్ఫీ తీసుకుంటే గంట మోగుతుంది, తర్వాత తిట్లు వినపడతాయి. పాతబస్తీ నేలంతా రాళ్లు పరిచి ఉంటుంది, సన్న చక్రాల పెట్టెలు విరుగుతాయి.

డబ్బు, ఫోను

యూపీఐ పనిచేయదు. కార్డుకు విదేశీ వాడకం బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేయాలి, చాలా కార్డులకు అది మూసే ఉంటుంది. ఆన్‌లైన్ చెల్లింపుకు ఓటీపీ భారత్ సిమ్‌కే వస్తుంది, కాబట్టి రోమింగ్ ప్యాక్ లేకుండా సిమ్ తీసి పెట్టెలో పడేస్తే రైలు టికెట్ కూడా కొనలేరు. చిన్న బేకరీలు, ట్రాము స్టాపు దుకాణాలు కొన్ని నగదే తీసుకుంటాయి. 100 యూరోలు చిన్న నోట్లలో ఉంచుకోండి. స్టేషన్ మరుగుదొడ్లకు యూరో దాకా తీసుకుంటారు, నాణేలు జేబులో ఉండాలి. ఏటీఎంలో ‘రూపాయల్లో కట్టమంటారా’ అని అడిగితే వద్దని యూరోలే ఎంచుకోండి, రూపాయల రేటు వాళ్లు పెట్టుకున్నది. డబ్బు బ్యాంకు గోడకున్న ఏటీఎంలోనే తీయండి.

మీ సంస్థ ఎడురోమ్‌లో (విద్యాసంస్థల ఉమ్మడి వైఫై) ఉంటే ఫోన్‌లో, లాప్‌టాప్‌లో ఇక్కడే సెట్ చేసి ఒకసారి కలిపి చూడండి, అక్కడి ప్రాంగణాల్లో దానంతట అదే కలుస్తుంది. అక్కడికిపోయి సెట్ చేద్దామంటే పాస్‌వర్డు మార్చడానికి ఇక్కడి కంప్యూటర్ సెంటర్ మూసేసి ఉంటుంది. మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబరు ఆఖరి ఆదివారం దాకా మనకు వాళ్లకు తేడా మూడున్నర గంటలు, మిగతా కాలం నాలుగున్నర.

తిండి

సోమవారం మొదలయ్యే సదస్సుకు ఆదివారం దిగుతారు. ఆదివారం జర్మనీలో సూపర్‌మార్కెట్లు, బట్టల షాపులు మూత. కొన్ని బేకరీలు పొద్దున కాసేపు, పెద్ద స్టేషన్లలోని దుకాణాలు, పెట్రోలు బంకులు, హోటళ్లు మాత్రం తెరిచి ఉంటాయి. నీళ్లు, పాలు, పండ్లు, బ్రెడ్ విమానాశ్రయంలోనో స్టేషన్లోనో కొనుక్కుని గదికి పోండి. అక్టోబరు 3, నవంబరు 1 లాంటి సెలవులకూ ఇదే కథ.

శాకాహారులు రిజిస్ట్రేషన్ ఫారంలో ఆహారం గడి తప్పక నింపండి. సదస్సు డిన్నర్‌లో ప్లేట్లు ఆ లెక్కనే వస్తాయి, అప్పటికప్పుడు అడిగితే సలాడ్ దొరుకుతుంది. గుడ్డు తినకపోతే ‘వీగన్’ అని రాయడం మేలు, ‘వెజిటేరియన్’లో గుడ్డు ఉంటుంది. స్పెట్స్‌లే అనే నూడుల్స్ పిండిలోనే గుడ్డు. బంగాళాదుంప సలాడ్ చూడటానికి సాధువుగా ఉంటుంది గానీ అందులో మాంసం రసం, స్పెక్ అనే పందిమాంసం ముక్కలు కలుపుతారు. పప్పు కూరలోనూ సాసేజ్ పడేస్తారు. రంగు రంగుల జెల్లీ మిఠాయిల్లో జెలాటిన్ ఉంటుంది. బ్రెట్సెల్, ఫలాఫెల్, చీజ్ పిజ్జా, టర్కీ షాపుల్లో దొరికే పప్పు సూపు ఆకలి తీరుస్తాయి. విశ్వవిద్యాలయం క్యాంటీన్లలో శాకాహారం ఏదో ఒకటి ఉంటుంది, బయటివాళ్లకు ధర కొంచెం ఎక్కువ.

కొళాయి నీళ్లు తాగొచ్చు, సీసా నింపుకోండి. హోటల్లో నీళ్లు ఊరికే తెచ్చిపెట్టరు, అడిగితే సోడా నీళ్ల సీసా వస్తుంది, బిల్లు పడుతుంది. గ్యాసు వద్దంటే ‘స్టిల్’ అని చెప్పాలి. ఒక్కసారి వాడే సీసా కొన్నప్పుడు 25 సెంట్లు డిపాజిట్ కలుపుతారు. ఖాళీ సీసా నలపకుండా సూపర్‌మార్కెట్ యంత్రంలో వేస్తే చీటీ వస్తుంది, అక్కడే కౌంటర్‌లో ఇస్తే డబ్బు.

సదస్సులో

కార్యక్రమంలో వేళ పక్కన ‘సి.టి.’ అని ఉంటే పావుగంట తర్వాత మొదలు, ‘ఎస్.టి.’ అంటే సరిగ్గా ఆ వేళకే. ఏమీ లేకపోతే సరిగ్గా ఆ వేళకే అనుకోండి. ప్రసంగం 12 నిమిషాలంటే 12వ నిమిషంలో అధ్యక్షుడు లేచి నిలబడతాడు. స్లైడ్లు పెన్‌డ్రైవ్‌లో, మెయిల్లో, పీడీఎఫ్‌గా కూడా ఉంచుకోండి, వేరే కంప్యూటర్‌లో ఫాంట్లు మారి సమీకరణాలు చెదిరిపోతుంటాయి. లాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ పోర్టు లేకపోతే కన్వర్టర్ మీదే తీసుకుపోండి. చివర్లో చప్పట్లకు బదులు బల్లల మీద పిడికిళ్లతో కొడితే కంగారుపడకండి, అది మెచ్చుకోలు.

ఒంట్లో బాగాలేకపోతే

ప్రాణాపాయానికి 112, పోలీసు 110. రాత్రి జ్వరం, కడుపునొప్పి లాంటివాటికి డాక్టరు కావాలంటే 116117. మందులు ఎర్ర ‘ఎ’ గుర్తున్న అపోథెకెలో మాత్రమే. సబ్బులూ షాంపూలూ అమ్మే దుకాణాల్లో పారాసెటమాల్ కూడా దొరకదు. యాంటీబయాటిక్ చీటీ లేకుండా ఇవ్వరు. రోజూ వాడే మందులు లెక్కకు నాలుగు రోజులవి ఎక్కువగా, జెనరిక్ పేరుతో డాక్టరు ఇంగ్లీషులో రాసిన చీటీతో, చేతి సంచిలో పెట్టుకోండి. ఆసుపత్రిలో ముందు మీరే కట్టి తర్వాత బీమా నుంచి రాబట్టుకోవాల్సి రావచ్చు, ప్రతి రసీదు ఉంచండి.

పాస్‌పోర్టు పోతే మొదట పోలీసు ఫిర్యాదు కాగితం. తర్వాత భారత కాన్సులేట్. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర కదా అని అక్కడికి పరిగెత్తకండి, హైడెల్‌బర్గ్ ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం మ్యూనిక్ కాన్సులేట్ పరిధిలోది. ముందు ఫోన్ చేసి కదలండి. పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు మెయిల్లో ఉంటే సగం పని అయినట్టే.

ఒక సాయంత్రం దొరికితే

కోటకు కార్న్‌మార్క్ట్ నుంచి కొండరైలు ఉంది. ఫ్రెంచి సేనలు 1689లోనూ 1693లోనూ ధ్వంసం చేసినా మిగిలిన ఎర్రరాతి గోడలు, లోపల 1751 నాటి దాదాపు రెండు లక్షల ఇరవై వేల లీటర్ల ద్రాక్షసారాయి పీపా చూడదగ్గవి. నది అవతల తత్త్వవేత్తల బాటకు పాత వంతెన దాటి పాములా మెలికలు తిరిగే మెట్ల దారి ఉంది. జర్మన్లు ఆయాసపడతారు గానీ అలిపిరి నుంచి కొండెక్కే అలవాటున్నవాళ్లకు అది లెక్కలోది కాదు. కోట అక్కడినుంచే బాగా కనపడుతుంది. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకూ వెలుతురు ఉంటుంది, నవంబరులో ఐదుకే చీకటి.

తిరిగొచ్చాక బిల్లులకు కావాల్సినవి అక్కడే పోగవుతాయి. బోర్డింగ్ పాసులు రెండు వైపులవీ, రైలు టికెట్లు, హోటల్ అసలు ఇన్వాయిస్ మీ పేరుతో, ఫీజు రసీదు, హాజరు ధ్రువపత్రం. ఫోన్‌లో బోర్డింగ్ పాస్ తీసుకుంటే విమానం దిగాక కొన్నాళ్లకు యాప్‌లోంచి మాయమవుతుంది, స్క్రీన్‌షాట్ తీయండి లేదా కౌంటర్‌లో కాగితం అడగండి. హాజరు ధ్రువపత్రం ఆఖరి రోజు మధ్యాహ్నం రిజిస్ట్రేషన్ బల్ల ఎత్తేసే ముందే తీసుకోవాలి. తర్వాత మెయిల్లో పంపిస్తామంటారు గానీ, మీ సంస్థ ఫైనాన్స్ సెక్షన్‌కు అది గడువులోపు చేరాలి.